యుద్ధ బాండ్ల పోస్టర్లు: భయమా, గర్వమా, ఎగతాళా? ఏది మేలు?

రెండో ప్రపంచ యుద్ధం నాటి పొదుపు పోస్టర్లలో బొమ్మ ఎంత బాగుందన్నది రెండో మాట. జనం చేతిలో జీతం డబ్బులు ఆడుతున్నాయి, కొట్లో చూస్తే సరుకు లేదు. ఆ డబ్బంతా బజార్లో పడితే ధరలు మండిపోతాయి. అందుకే ప్రభుత్వాలు యుద్ధ ఖర్చు కోసం జనం దగ్గర అప్పు తీసుకుని, వడ్డీతో తిరిగిస్తామని రాసిచ్చే బాండ్లు అమ్మాయి. సామాన్యుడి చిల్లరను ఏ పోస్టర్ ఆపగలదన్నదే అసలు లెక్క.

భయం: లారెన్స్ బీల్ స్మిత్ 1942లో గీసిన అమెరికన్ పోస్టర్. గడ్డిలో ముగ్గురు పిల్లలు. ఒకడి చేతిలో విమానం బొమ్మ, కాగితం టోపీ పెట్టుకున్నవాడి చేతిలో జెండా. వాళ్ల మీదికి నాజీ స్వస్తిక నీడ పాకుతుంటుంది. తల్లిదండ్రుల గుండె గుభేల్‌మంటుంది. అయితే ఎంత కట్టాలి, ఎక్కడ కట్టాలి అన్న ఊసే ఉండదు.

గర్వం: అమెరికాలో 1945 ఏడో వార్ లోన్ (బాండ్ల అమ్మకపు ప్రచారం) పోస్టర్, జపాన్ దీవి ఐవో జిమాలో జెండా ఎత్తుతున్న అమెరికన్ సైనికులు. లక్ష్యం 1,400 కోట్ల డాలర్లు, వచ్చింది 2,600 కోట్ల పైనే. ఈ అంకె చూసి మురిసిపోవద్దు. అందులో సింహభాగం కంపెనీలు, ఆర్థిక సంస్థలు పెట్టినదే, దాన్ని పోస్టర్ ఖాతాలో వేయలేం.

ఎగతాళి: 1943లో బ్రిటన్‌లో ఫిలిప్ బోయిడెల్ సృష్టించిన ‘స్క్వాండర్ బగ్’, అంటే దుబారా పురుగు. ఒంటి మీద స్వస్తికలతో, బజారుకెళ్లిన ఆడవాళ్ల పక్కన చేరి అక్కర్లేనివి కొనమని ఎగదోస్తుంది. (మగవాళ్లు దుబారా చేయరన్నట్టు!)

నా ఓటు పురుగుకే. ఎందుకంటే బాండు అమ్మడంతో పని అయిపోదు. అప్పట్లో అమెరికాలో 18.75 డాలర్లు పెట్టి కొన్న ఇ-సిరీస్ బాండు పదేళ్లకు 25 డాలర్లయ్యేది, కానీ 60 రోజులు దాటితే ఎప్పుడైనా సొమ్ము చేసుకునే వీలుండేది. అంత ఒక్కసారే పెట్టలేనివాళ్లు 25 సెంట్ల స్టాంపులు 75 ఆల్బంలో అంటించి బాండుగా మార్చుకునేవారు. స్టాంపులకు వడ్డీ ఉండేది కాదు, కాబట్టి ఆల్బం సగంలో వదిలేస్తే ఒరిగేదేమీ లేదు. భయం, గర్వం కొనే రోజు వరకే పనిచేస్తాయి. ఖర్చు పెట్టాలన్న యావ రోజూ పుడుతుంది, పురుగు కొట్టేది సరిగ్గా దాని మీదే.

ఫ్యాక్టరీ గేటు దగ్గరైతే ఐవో జిమా పోస్టరే నయం. కాకపోతే దాని పక్కన బాండ్ల కోసం జీతంలోంచి కోసుకోమని సంతకం పెట్టే ఫారం, ‘నువ్వెంత రాస్తావ్?’ అని ఎదురుగా నిలబడి అడిగే మనిషి ఉండాలి. అప్పటి సర్వేల్లో కూడా స్వయంగా వచ్చి అడిగితే కొన్నవాళ్లే ఎక్కువని తేలింది.