మీనంబాక్కంలో పది రూపాయల టీ

నెలకు రెండుసార్లు చెన్నై వెళ్తాను, అంటే అక్కడి ఎయిర్‌పోర్టు ఉన్న మీనంబాక్కంలో దిగుతాను. ఆసుపత్రుల్లో డయాలసిస్ మెషీన్లు బాగుచేయడం నా పని. తెల్లవారుజామున శంషాబాద్‌లో ఎక్కి, చెన్నైలో రెండు మెషీన్లు విప్పి బిగించి, రాత్రి ఫ్లైట్‌కి వెనక్కి వచ్చేస్తాను. విమానంలో కూర్చునేది గంటా పావు. దానికి ముందూ వెనకా క్యూల్లో నిలబడేది, కుర్చీల్లో జోగేది కలిపితే నాలుగు గంటలు. మా అత్తగారు మాత్రం పక్కింటివాళ్లకు "మా అల్లుడు పొద్దున మద్రాసులో టిఫిన్ చేసి రాత్రికి ఇంట్లో అన్నం తింటాడు" అని గొప్పగా చెప్పుకుంటారు. ఆ టిఫిన్ ఎంతకు తింటానో ఆవిడకు ఇంతవరకూ చెప్పలేదు. చెబితే ఆ గొప్ప కాస్తా పోతుంది.

మా కంపెనీలో తిండికి రోజుకు 500. అదీ బిల్లు పెడితేనే. ఒకసారి ఒక ఎయిర్‌పోర్టులో, పేరెందుకులెండి, నిద్ర ఆపుకోలేక టీ అడిగాను. వేడినీళ్ల కప్పులో టీ బ్యాగు వేసిచ్చి 230 తీసుకున్నారు. పాల పొడి ప్యాకెట్ పక్కన పెట్టారు, కలుపుకోవడం నా వంతు. ఆ బిల్లు పెడితే మా అకౌంట్స్ అమ్మాయి ఫోన్ చేసి "సర్, ఒక్క టీకే 230 అంటే మేనేజర్ ఒప్పుకోరు, పర్సనల్ కింద వేసుకోండి" అంది. అప్పటి నుంచి ఫ్లాస్కు కొందామా అని చాలాసార్లు అనుకున్నాను. ల్యాప్‌టాప్, ఛార్జర్లు, పనికి కావలసిన సామానుతో ఏడు కిలోలు నిండిపోయే బ్యాగులో ఫ్లాస్కు ఎక్కడ పెట్టేది?

ఈ బాధ నా ఒక్కడిదే కాదు. కేంద్ర మాజీ ఆర్థిక మంత్రి చిదంబరం గారు 2018లో చెన్నై ఎయిర్‌పోర్టులో టీ 135 రూపాయలంటే హడలిపోయి వద్దన్నానని ట్విటర్‌లో రాశారు. మళ్లీ 2024 సెప్టెంబరులో కోల్‌కతాలో వేడినీళ్లు, టీ బ్యాగు 340 అయిందని రాశారు. దేశానికి బడ్జెట్లు వేసిన మనిషికే ఆ ధర మింగుడుపడలేదు. ఆ రోజు మా సర్వీస్ ఇంజినీర్ల వాట్సాప్ గ్రూపులో ఆ స్క్రీన్‌షాట్ ఎన్నిసార్లు ఫార్వర్డ్ అయిందో లెక్కలేదు. "ఆయనకూ బిల్లు రిజెక్ట్ అయి ఉంటుంది" అని ఒకడు, "మన గ్రూపులో యాడ్ చేద్దాం" అని ఇంకొకడు. జీతం పెరగలేదన్న వార్తకు కూడా అంత స్పందన రాదు మా గ్రూపులో.

ఆ డిసెంబరులో రాజ్యసభలో కూడా ఈ మాట వచ్చింది. ఎంపీ రాఘవ్ చద్దా ఎయిర్‌పోర్టుల్లో టీ, నీళ్ల ధరల గురించి అడిగారు. అదే నెల 21న కోల్‌కతా ఎయిర్‌పోర్టులో ప్రయాణికులకు చవకగా టీ, చిరుతిండి అమ్మే ఉడాన్ యాత్రీ కెఫే మొదలైంది. రెండోది 2025 ఫిబ్రవరి 27న చెన్నైలో. ప్రారంభించింది పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు, మన శ్రీకాకుళం ఎంపీ. ఈ రెండు ఎయిర్‌పోర్టులూ ప్రభుత్వ సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నడిపేవే. మామూలుగా లోపల షాపు పెట్టుకున్నవాళ్లు అమ్మకాల్లో ఇంత వాటా అని కట్టాలి. మన 230లో టీ ఆకు ఖర్చు ఎంతుంటుందో, ఆ స్థలం ఖర్చు ఎంతుంటుందో ఊహించుకోవచ్చు.

ఇక అసలు విషయం. చెన్నైలో ఈ కెఫే డొమెస్టిక్ విమానాల టెర్మినల్ 1లో, చెక్-ఇన్‌కి ముందు వచ్చే భాగంలో ఉంది. టీ 10, నీళ్ల సీసా 10, కాఫీ 20, స్వీటు 20. తినడానికి చిరుతిండి కూడా 20కే. నేను మొదటిసారి ఆ ధరల బోర్డు చూసి, ఎయిర్‌పోర్టు బయటే ఉండిపోయానేమోనని అటూ ఇటూ చూశాను. నా ముందు నిలబడ్డ కుర్రాడు టీ చేతికి రాకముందే బోర్డుకు ఫొటో తీసి స్టేటస్ పెట్టేశాడు. అతని వెనక ఒక పెద్దాయన కప్పు పట్టుకుని సెల్ఫీ. నేనేమీ తక్కువ తినలేదు, కప్పునూ బోర్డునూ ఒకే ఫ్రేములోకి తెచ్చేసరికి టీ సగం చల్లారింది. 230 పెట్టి తాగిన టీని ఏనాడూ ఫొటో తీయలేదు, బిల్లుకు తప్ప.

ఫొటో మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. తెనాలి నుంచి మా బాబాయ్ రెండు నిమిషాల్లో జవాబిచ్చాడు: "మా సెంటర్లోనూ పదేరా. దీనికోసం విమానమెక్కి వెళ్లావా?" దానికి మా పిన్ని చప్పట్ల బొమ్మలు ఆరు పెట్టింది. ఆయనకు ఎలా చెప్పాలి, ఇక్కడ పదికి టీ దొరకడమే వార్త అని!

రుచి సంగతి అడుగుతారు కదా. ఇరానీ చాయ్ అలవాటైన నాలుక నాది, కాబట్టి ఆహా అనను. పాల టీ, వేడిగా ఉంది, నిద్ర వదిలింది. నాకు కావలసింది అదే. రెండోది కూడా తాగాను. అది రుచి కోసమో, ధర చూసి వచ్చిన ధైర్యమో చెప్పలేను. ఐదుకు నాలుగున్నర మార్కులు వేస్తాను.

ఆ అర మార్కు ఎందుకు ఆపానంటే, చోటు వల్ల. సెక్యూరిటీ దాటి గేటు దగ్గర కూర్చున్నాక టీ తాగాలనిపిస్తే ఇక్కడికి వెనక్కి రాలేరు. నా అనుభవం మీద ఒక చిన్న లెక్క చెబుతాను. గేటు ఎలాగూ విమానం కదలడానికి 25 నిమిషాల ముందే మూసేస్తారు. వెబ్ చెక్-ఇన్ చేసుకుని, బ్యాగు వేసే పని లేనివాళ్లయితే పావుగంట ముందు బయల్దేరి ఇక్కడే టీ, టిఫిన్ ముగించుకోండి. నీళ్లకు మాత్రం నేను ఇప్పుడు ఖాళీ స్టీలు సీసా తీసుకెళ్తున్నాను, లోపల తాగునీటి కుళాయి దగ్గర నింపుకుంటాను. అది పదికి కూడా కాదు, ఉచితం. మీ ఫ్లైట్ ఇంకో డొమెస్టిక్ టెర్మినల్ అయిన టెర్మినల్ 4 నుంచి అయితే ముందు టికెట్ మీద టెర్మినల్ చూసుకోండి. టీ కోసం అటూ ఇటూ నడిచి టెన్షన్ పడటం అనవసరం.

ఉడాన్ అంటే చిన్న ఊళ్లకు చవక టికెట్లతో విమానాలు నడిపే కేంద్ర పథకం కూడా. ఆ మాట వింటే నాకు కడపే గుర్తొస్తుంది. 2017 ఏప్రిల్ 27న ఆ పథకం కింద మొదటి విమానాలు ఎగిరినప్పుడు సిమ్లా–ఢిల్లీతోపాటు కడప–హైదరాబాద్ కూడా ఉంది. కడప వాడైన మా తోడల్లుడు అప్పుడు "టికెట్ చవకేగానీ అక్కడ టీ తాగితే మిగిలింది పోతుంది" అనేవాడు. అతనికి కూడా ఈ ఫొటో పంపాను. "కడపలో పెట్టమను" అన్నాడు, నేనేదో మంత్రిగారి పీఏని అయినట్టు.

తిరిగొచ్చాక బిల్లు ఆఫీసు యాప్‌లో ఎక్కించాను. మర్నాడు అకౌంట్స్ అమ్మాయి ఫోన్.

"సర్, చెన్నై ఎయిర్‌పోర్టు రిఫ్రెష్‌మెంట్స్ 30 అని వేశారు. సున్నా మర్చిపోయారా? 300 చేయమంటారా?"

ఒక్క క్షణం ఆగాను. అబద్ధం ఎందుకు, ఆగాను.

"లేదమ్మా, ముప్పయ్యే. రెండు టీలు, ఒక కూల్ వాటర్."

"ఎయిర్‌పోర్టు లోపలేనా సర్?"

"లోపలే."

"బిల్లు ఫొటో ఇంకోసారి క్లియర్‌గా పంపండి సర్, మేనేజర్ నమ్మరు."

బిల్లుతోపాటు ధరల బోర్డు ఫొటో కూడా పంపాను.