ఆ గ్లాస్ పెయింట్ సెట్ కొనకండి, లేబుల్ కింద ఇంకో లేబుల్ ఉంది

గాజు సీసాల మీద రంగులు వేసేవాళ్లందరూ ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. నీలం సీసాల ఫొటో పెట్టి, గాజుకే ప్రత్యేకం అంటూ రంగుల సెట్ అమ్ముతున్న ఆ పేజీ మీలో చాలామందికి కనిపించే ఉంటుంది. దయచేసి వాళ్ల దగ్గర కొనకండి. ఇప్పుడే వాళ్లతో మాట్లాడాను. ఒళ్లు మండిపోతోంది, అయినా మరచిపోకముందే రాసేయాలని కూర్చున్నాను.

అక్కకు ఇద్దామని సీసాల మీద తీగలు, ఆకులు వేశాను. రంగు బాటిల్ మీద ఏం రాసి ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే చేశాను. 24 గంటలు ఆరనివ్వాలి, తర్వాత ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు పెట్టాలి, ఆ పైన ఎన్నిసార్లు కడిగినా రంగు పోదు అని ఉంది. సీసాలు సబ్బుతో కడిగాను, తడి ఆరాక స్పిరిట్‌తో తుడిచాను, ఆ తర్వాత రంగు వేసే చోట వేలు కూడా తగలనివ్వలేదు. వేలి జిడ్డు కొంచెం అంటినా రంగు నిలవదని ఈ పని చేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. చెక్క, కాగితం రంగును పీల్చుకుంటాయి, గాజు పీల్చుకోదు, రంగు పైపైనే అతుక్కుని ఉండాలి. సీసాలను చల్లటి ఓవెన్‌లో పెట్టాకే వేడి పెంచాను, అయ్యాక తలుపు తీయకుండా లోపలే చల్లారనిచ్చాను. గాజుకు ఒక్కసారిగా వేడి, చలి తగిలితే పగులుతుంది కాబట్టి అందులోనూ తొందరపడలేదు.

తర్వాత ఒక సీసాను కుళాయి కింద పెట్టాను. పీచు కూడా వాడలేదు, ఉత్త నీళ్లే. పెద్ద ఆకు అంచు కొంచెం పైకి లేచింది. వేలితో తాకితే ఆకు మొత్తం పాము కుబుసంలా ఊడి చేతిలోకి వచ్చేసింది. ఈనెలు, ఔట్‌లైన్, అంతా ఒకే పొరగా. కింద గాజు మీద చుక్క రంగు కూడా మిగల్లేదు. మిగతా సీసాలూ అంతే.

అప్పుడు అనుమానం వచ్చి రంగు బాటిల్ తీసి చూశాను. లేబుల్ ఒక మూల కాస్త లేచి ఉంది. గోరుతో లాగితే దాని కింద ఇంకో లేబుల్ బయటపడింది. దాని మీద స్పష్టంగా అచ్చేసి ఉంది, కాగితం, చెక్క, కాన్వాస్ కోసం అక్రిలిక్ రంగు అని. గాజు అన్న మాటే లేదు. ఓవెన్ మాట అంతకన్నా లేదు. మామూలు అక్రిలిక్ బాటిళ్లు తెచ్చి, కూర్చుని ఒక్కొక్కదానికీ పైన కొత్త స్టిక్కర్ అంటించి అమ్ముతున్నారు. పొరపాటున వేరే సెట్ వచ్చిందేమో అని సర్దిచెప్పుకునే వీలు కూడా లేదు. సెట్‌లో ఉన్న ప్రతి బాటిల్ లేబుల్ కిందా అదే ఉంది.

ఫొటోలు తీసి వాళ్లకు పంపాను. వచ్చిన జవాబు ఇది: "మీకు వేయడం రాకపోతే మేమేం చేస్తాం మేడం, అందరికీ బాగానే వస్తోంది." లేబుల్ సంగతేమిటని అడిగాను. దానికి జవాబు లేదు. డబ్బు వెనక్కి ఇవ్వమంటే సీల్ తీసిన వస్తువుకు రిటర్న్ ఉండదన్నారు. సీల్ తీయకుండా రంగు ఎలాంటిదో ఎవరికి తెలుస్తుంది? ఫోన్ చేస్తే సగంలో కట్ చేశారు, తర్వాత నా నంబర్ బ్లాక్ చేశారు. ఫొటోతో పెట్టిన రివ్యూ కూడా తీసేశారు. డబ్బు పోయినదానికంటే నాకు వేయడం రాదన్న ఆ మాట ఎక్కువ బాధపెట్టింది. ఎన్నో ఏళ్లుగా సీసాలు వేస్తున్నాను, నా చేతిలో ఇలా ఒక్క ఆకు ఊడలేదు.

ఇంకో సంగతి చూసి నాకు నిజంగా భయం వేసింది. అదే పేజీలో ఒకావిడ సీసా లోపలి వైపు రంగు వేసి అందులో తినేవి పోసుకోవచ్చా అని అడిగితే, నాన్ టాక్సిక్ (విషం లేనిది) కదా, నిశ్చింతగా వేసుకోండి అన్నారు. దయచేసి ఎవరూ అలా చేయకండి. నాన్ టాక్సిక్ అంటే తిండికి తగిలినా ఫర్వాలేదని అర్థం కాదు. బాటిల్ మీద ఏఎస్‌టీఎం డి-4236 (రంగుల్లాంటి కళా సామగ్రి లేబుళ్లకు అమెరికా ప్రమాణం) అని ఉన్నా, ఆ రంగులో దీర్ఘకాలంలో హాని చేసేవి ఉన్నాయేమో నిపుణులు పరిశీలించారని, ఉంటే హెచ్చరిక రాశారని మాత్రమే. అసలు సిసలు గ్లాస్ పెయింట్ అయినా సీసాకు బయటే వేయాలి, మూతి దగ్గర రెండు సెంటీమీటర్లు వదిలేయాలి. ఇక్కడ బాటిల్‌లో ఏముందో కూడా తెలియదు. సాల్వెంట్ (త్వరగా మండే ద్రావకం) కలిసిన గ్లాస్ రంగులు కూడా ఉంటాయి, వాటిని ఓవెన్‌లో పెట్టకూడదు. వీళ్లు స్టిక్కర్ మార్చిన బాటిళ్లలో రేపు అలాంటివి ఉండి, ఎవరైనా నమ్మి ఓవెన్‌లో పెడితే పరిస్థితి ఏంటి?

ఇవాళ చూస్తే వేరే పేరుతో కొత్త పేజీ. అవే నీలం సీసాలు, అదే ఫొటో. కాబట్టి పేరు చూసి గుర్తుపట్టలేరు, ఫొటో గుర్తుపెట్టుకోండి.

ఎక్కడ కొన్నా సరే, బాటిల్ చేతికి రాగానే లేబుల్ అంచు గోరుతో ఒకసారి గీరి చూడండి. లేబుల్ మారలేదని, ఓవెన్‌లో పెట్టే రకమేనని తేలితే, పాత సీసా అడుగున ఒక గీత వేసి, ఓవెన్‌లో పెట్టి, చల్లారాక నీళ్లలో నానబెట్టి గోకండి. గాలికే ఆరనిద్దాం అనుకోకండి. చాలా గ్లాస్ ఎనామెల్ రంగులు గాలికి పూర్తిగా గట్టిపడాలంటే 21 రోజులు ఆగమంటాయి, ఆలోపే రిటర్న్ గడువు అయిపోతుంది. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి.

ఈ సెట్ ఇప్పటికే తెప్పించుకుని సీల్ తీయకుండా ఉంచినవాళ్లు ఎవరైనా ఉంటే, ఇవాళే వెనక్కి పంపేయండి. కార్డుతో కట్టినవాళ్లు బ్యాంకుకు ఫిర్యాదు ఇవ్వండి, నేనూ ఇచ్చాను. రెండు లేబుళ్లూ కనిపించేలా తీసిన ఫొటోలు నా దగ్గర ఉన్నాయి, మీ ఫిర్యాదుకు జత చేయడానికి కావాలంటే అడగండి, పంపిస్తాను.