ఒక్క రేకుతో ట్రంకు పెట్టె: నెల్లూరులోని ఒక అంగడి పనితనం

నెల్లూరు ట్రంకు రోడ్డును ఆనుకుని ఉన్న ఒక సందులో రేకు పెట్టెలు చేసే అంగడి ఉంది. (ట్రంకు రోడ్డులో ట్రంకు పెట్టెలా అని ఇంట్లో నవ్వుకున్నాము.) బొంతలు, దుప్పట్లు చెద పట్టకుండా దాచుకోవడానికి మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు గల పెట్టె కావాలని గత నెలలో అక్కడికి వెళ్లాను.

బయలుదేరే ముందే లెక్క వేసుకున్నాను. దీర్ఘఘనం సంపూర్ణతల వైశాల్యానికి, అంటే ఆరు ముఖాల మొత్తం వైశాల్యానికి, బడిలో నేర్చుకున్న సూత్రం ప్రకారం 6, 4, 6 కలిపి రెట్టింపు చేస్తే 32 చదరపు అడుగులు వచ్చింది. ఎనిమిదడుగులకు నాలుగడుగుల జీఐ (జింకు పూత పూసిన ఇనుప) రేకు వైశాల్యమూ సరిగ్గా అంతే కనుక ఒక్క రేకు చాలునని ధీమాగా చెప్పాను. మేస్త్రీ నా మాటను కొట్టిపారేయలేదు. రేకును నిలువునా రెండు పట్టీలుగా గీసి, ఒక్కొక్క పట్టీలో మూడడుగుల ముక్కలు రెండు, రెండడుగుల ముక్క ఒకటి వస్తాయని, తునక కూడా మిగలదని సుద్దతో తానే చూపించి, ఆ తరువాత "మరి మడతకు రేకు ఎక్కడిది సార్?" అని అడిగారు.

ముక్కలను కలిపేది అంచు మడతే కాబట్టి ప్రతి ముక్క చుట్టూ ఒక్కో అంగుళం వదలాలి. రెండో రేకు ఖర్చుకు వెనుకాడి నేను 34, 22, 22 అంగుళాల పెట్టెకు ఒప్పుకున్నాను. వైశాల్యం 27.5 చదరపు అడుగులకు దిగి, మిగిలిన నాలుగున్నర మడతలకు సరిపోయింది. అయితే 12 ఘనపుటడుగులు ఉండవలసిన లోపలి చోటు తొమ్మిదిన్నరకు పడిపోతుందని నాకు తట్టలేదు, వారూ చెప్పలేదు. ఒక బొంత ఇప్పటికీ బయటే ఉంది. మూత అంచుకు అంగుళమే దక్కడంతో అది కాస్త వదులుగా కూర్చుంటుంది.

బిల్లులో ఎనామిల్ పెయింటును చదరపు అడుగుకు 20 రూపాయల చొప్పున ఆరు ముఖాలకూ వేశారు. అడుగుభాగానికి తుప్పు పట్టకుండా వేసే రెడాక్సైడ్ పూత తప్ప రంగు లేదు కదా అని, ఆ 5.2 చదరపు అడుగులను తీసివేయమని అడిగితే, టేపు పెట్టి కొలిచి, మారుమాట లేకుండా 104 రూపాయలు తగ్గించారు.

మడతలు చేతికి గీసుకోకుండా నునుపుగా ఉన్నాయి, గడియ, కొండీ గట్టివి. మిగిలిన బొంత కోసం ఇంకొక పెట్టె అక్కడే చెప్పాను, ఈసారి రెండు రేకులకు.