కొగ్గల సరస్సు గట్టున రెండు రాత్రులు

మా విశాఖలో పాతతరం వాళ్లకి 1942 ఏప్రిల్ 6 అంటే జపాన్ బాంబులు పడ్డ రోజు. మా నాయనమ్మ ఏ సంగతి చెప్పినా బాంబులకి ముందా, తర్వాతా అని లెక్క కట్టేది. ఆ దాడికి రెండు రోజుల ముందు కథ శ్రీలంకలోని కొగ్గలలో మొదలైందని తెలిశాక, ఆ ఊరు చూడాలనిపించింది.

అందరూ గాలే కోటలో దిగుతారు. కోట అందమే, కాదనను. కానీ గదులు ఖరీదు, సాయంత్రమైతే సందుల నిండా సెల్ఫీలే. మేం అక్కడికి పదిహేను కిలోమీటర్ల లోపే ఉన్న కొగ్గలలో, సరస్సు పక్కన చిన్న గెస్ట్‌హౌస్ తీసుకున్నాం. దోమలు ఎక్కువ, వైఫై పేరుకే. పొద్దున్నే ఇడియాప్పం, కొబ్బరి సంబోల్ (కారం కలిపిన కొబ్బరి కోరు) పెట్టారు. ఆ ఒక్కదానికే మళ్లీ వెళ్లొచ్చు.

సముద్రానికీ సరస్సుకీ మధ్య ఉన్నది సన్నని నేల. అలలు లేని పొడవాటి నీళ్లు కాబట్టే బ్రిటిష్ వాళ్లు దీన్ని నీళ్ల మీద దిగే పడవ విమానాలకి రన్‌వే చేసుకున్నారు. ఏప్రిల్ 4న కెనడా పైలట్ లెనార్డ్ బిర్చాల్ ఇక్కణ్ణించే కాటలీనా అనే పడవ విమానంలో గస్తీకి వెళ్లాడు. ఈ ఊరికొచ్చి అప్పటికి రెండు రోజులే! వెనక్కి తిరుగుదామనుకునే వేళకి దక్షిణాన జపాన్ నౌకాదళం కనబడింది. వైర్‌లెస్‌లో కబురు పంపుతుండగానే విమానాన్ని కూల్చేశారు. తొమ్మిది మందిలో ముగ్గురు పోయారు, మిగతావాళ్లు ఖైదీలయ్యారు. ఆ కబురు వల్ల మర్నాటి దాడిలోపే కొలంబో రేవు నుంచి చాలా ఓడలు తప్పుకోగలిగాయి. విశాఖ, కాకినాడల మీద పడ్డది బంగాళాఖాతంలోకి వచ్చిన వేరే దళం. మనకి అలాంటి కబురు పంపినవాళ్లు లేరు.

1943 నుంచి ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటస్ వాళ్లు పెర్త్ నుంచి ఇక్కడికి కాటలీనాలు నడిపారు. మధ్యలో జపాన్ చేతిలో ఉన్న ప్రాంతం కాబట్టి వైర్‌లెస్ మూసేసి, చుక్కలు చూసుకుంటూ ప్రయాణం. దాదాపు ముప్ఫై గంటలు, ముగ్గురు ప్రయాణికులు, దారిలో రెండు సూర్యోదయాలు. నాకైతే ఎకానమీ సీటులో నాలుగు గంటలకే నడుం పట్టేస్తుంది.

ఇదంతా పడవ షికారులో ఎవరూ చెప్పరు. మా పడవతను నేరుగా దాల్చినచెక్క దీవికి తీసుకెళ్లి, చెక్క ఒలిచి చూపించి, నూనె సీసాలు ముందు పెట్టాడు. యుద్ధం విమానాల గురించి అడిగితే "ఎయిర్‌పోర్ట్ అటు" అని చెయ్యి చూపించాడు. మొదట చెప్పిన రేటుకీ చివర అడిగినదానికీ పొంతన లేదు. ఎక్కేముందే ఖాయం చేసుకోండి. ఆ ఎయిర్‌పోర్ట్ శ్రీలంక వైమానిక దళానిది, గేటు దగ్గర ఫోటోల జోలికి పోవద్దు.

డబ్బులు గిట్టుబాటైంది మార్టిన్ విక్రమసింఘే జానపద మ్యూజియంలో. ఆ సింహళ రచయిత పుట్టిన ఇల్లూ ఆ ఆవరణలోనే ఉంది. యుద్ధంలో ఆ విమానాల స్థావరం కోసం చుట్టుపక్కల ఊళ్లవాళ్లని ఖాళీ చేయించారట. పాత మట్టికుండలు, బొమ్మలు చూస్తూ రెండు గంటలు గడిచిపోయాయి. సముద్రంలో పాతిన కర్రల మీద కూర్చుని చేపలు పట్టేవాళ్లని మాత్రం దూరం నుంచే చూడండి, ఫోటోకి డబ్బులడుగుతారు.

కొగ్గల స్టేషన్‌లో అన్ని రైళ్లూ ఆగవు. మేం అడక్కుండా ఎక్కి, గాలేలో దిగి ఆటోలో వెనక్కొచ్చాం.