అలర్జీకి పాత మాత్రా, కొత్త మాత్రా?

క్లోజాపిన్, ఒలాంజాపిన్ వంటి యాంటీసైకోటిక్ (తీవ్ర మానసిక జబ్బులకు ఇచ్చే) మందులు వాడేవారికి తుమ్ములు పట్టుకుంటే ఏ మాత్ర మేలు?

పాతతరం అలర్జీ మాత్రలైన డైఫెన్‌హైడ్రమిన్, క్లోర్‌ఫెనిరమిన్ మెదడులోకి సులువుగా చేరతాయి. అసలే మత్తుగా ఉన్న మనిషికి మరింత మత్తు. నోరు పిడచకట్టుకుపోతుంది, మూత్రం సరిగా రాకపోవచ్చు. నాకు అన్నిటికన్నా భయం మలబద్ధకమే. క్లోజాపిన్‌తో పేగుల కదలిక ముందే మందగిస్తుంది. దానికి ఈ పాత మాత్ర తోడైతే ప్రాణం మీదికి రావచ్చు. రెండు రోజులుగా విరేచనం కాలేదని చెప్పడానికి సిగ్గుపడకండి. మరో పాతతరం మాత్ర హైడ్రాక్సిజిన్‌తోనైతే గుండె లయ తప్పే ముప్పు కూడా ఉంది.

కొత్తతరం మాత్రలైన ఫెక్సోఫెనడిన్, లోరాటడిన్ మెదడులోకి అంతగా వెళ్లవు. నా మొగ్గు వీటివైపే. సెటిరిజిన్ కూడా కొత్తతరందే, కానీ కొందరికి నిద్ర తెస్తుంది. ఫెక్సోఫెనడిన్‌ను పండ్లరసంతో కాదు, నీళ్లతో మింగాలి. ఏది కొనేముందైనా వాడుతున్న మందుల చీటీ డాక్టరుకు చూపించండి. అలర్జీ మాత్ర కోసం మానసిక వైద్యులు ఇచ్చిన మందు మాత్రం ఆపవద్దు.