కట్టు మార్చే గదిలో క్వెస్ట్ 3: సెలయేరు చూపిస్తే నొప్పి తగ్గుతుందా?

కాలిన గాయానికి అంటుకుపోయిన గాజుగుడ్డను విప్పే ఆ కాసేపు ఎలా ఉంటుందో, డ్రెస్సింగ్ గది బయట కూర్చున్నవాళ్లకు కేకలు వింటేనే తెలిసిపోతుంది. ఆ సమయంలో రోగి కళ్ల ముందు అడవో సముద్రమో పెట్టి ధ్యాస మళ్లించడానికి, కళ్లకు తొడిగే మెటా క్వెస్ట్ 3 హెడ్‌సెట్ ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం. ఆటల సంగతి ఇక్కడ అనవసరం. పరికరం బాగానే ఉంది. పడుకున్న మనిషికి దాన్ని అమర్చే దగ్గరే చాలామంది బోల్తా పడతారు.

ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలోని సియాటిల్‌లో పరిశోధకులు హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ 1996లోనే దీన్ని మొదలుపెట్టారు. 2000లో అచ్చయిన వాళ్ల తొలి నివేదికలో ఉన్నది ఇద్దరే ఇద్దరు కాలిన గాయాల కుర్రాళ్లు. మామూలు తెర మీద నింటెండో ఆట ఆడినప్పటికంటే, వీఆర్‌లో, అంటే హెడ్‌సెట్ కళ్ల చుట్టూ చూపించే కల్పిత లోకంలో ఉన్నప్పుడు వాళ్లకు నొప్పి బాగా తక్కువగా అనిపించింది. ఆ తర్వాత వచ్చిందే స్నోవరల్డ్ అనే వీఆర్ ఆట. మంచు లోయలో తేలుతూ వెళ్తూ మంచు మనుషుల మీదికి, పెంగ్విన్ల మీదికి మంచు ఉండలు విసరడమే అందులో పని. నిప్పుకు విరుగుడుగా మంచు! 2004లో మెదడు స్కానింగ్ చేసి చూస్తే, నొప్పికి సంబంధించిన భాగాల్లో చురుకుదనం కూడా తగ్గినట్టు తేలింది. మనసుకు ఉన్న ధ్యాస కొంతే. అందులో ఎక్కువ భాగం వేరే పని లాగేసుకుంటే నొప్పికి మిగిలేది తక్కువ.

ప్రకృతి దృశ్యాల మాటకొస్తే, 1984లో రోజర్ అల్రిచ్ అనే పరిశోధకుడు పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లను పోల్చి చూశాడు. కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు ఇటుక గోడ కనిపించినవాళ్లకంటే త్వరగా ఇంటికెళ్లారు, ఘాటైన నొప్పి మందులూ తక్కువే వాడారు. అది ఆపరేషన్ తర్వాత మంచం మీద గడిపే రోజుల సంగతి. పుండు మీద చెయ్యి పడే క్షణం వేరు. ఊరికే సెలయేరు చూస్తూ ఉండటం బెరుకు తగ్గించడానికి, సూది కోసం ఎదురుచూసే పది నిమిషాలకు చక్కగా సరిపోతుంది. గాజుగుడ్డ లాగే సమయానికి మాత్రం చేతికి ఏదో ఒక పని ఉండాలి. ఊరికే చూసే దృశ్యానికీ, మన చేష్టకు బదులిచ్చే దృశ్యానికీ తేడా అక్కడే బయటపడుతుంది.

అందుకే యాప్‌లలో నేచర్ ట్రెక్స్ వీఆర్‌కు మార్కులు ఎక్కువ. బీచి, సముద్రగర్భం, చుక్కల ఆకాశం, తిరిగే జంతువులు ఉంటాయి. వాతావరణాన్ని మార్చవచ్చు, మనకు కావలసినట్టు లోకాన్ని మలుచుకోవచ్చు. మాటల అవసరం తక్కువ కాబట్టి ఇంగ్లీషు రాని పెద్దవాళ్లకూ ఇబ్బంది లేదు. మెనూలు మాత్రం సిబ్బందే నొక్కి, దృశ్యం తెరిచాకే హెడ్‌సెట్ తొడగాలి. యూట్యూబ్‌లో 360 డిగ్రీల వీడియోలు ఉచితమే కానీ ఆసుపత్రి వైఫైని నమ్ముకుంటే సరిగ్గా కట్టు విప్పేవేళకే చక్రం తిరుగుతుంది. పైగా 4కే అని రాసి ఉన్నా అది చుట్టూరా పరుచుకునే బొమ్మ. ఒకసారికి కళ్లకు కనిపించేది అందులో చిన్న ముక్కే కాబట్టి మసకగా ఉంటుంది. కెమెరా కదిలే వీడియో అసలొద్దు, వాంతి తెప్పిస్తుంది. తలకోననో కుంటాలనో సొంతంగా తీసి చూపించాలనుకుంటే 360 కెమెరాను కూర్చున్న మనిషి కళ్ల ఎత్తులో స్టాండు మీద కదలకుండా పెట్టి, పది నిమిషాలు ఏకబిగిన తీసి, ఫైలును హెడ్‌సెట్‌లోకి ఎక్కించుకోండి. నీళ్ల చప్పుడు బాగా పడాలి. ట్రేలో కత్తెర, ఫోర్‌సెప్స్ టింగుమనే మోతను కప్పేసేది అదే.

ఇక అసలు తలనొప్పి. హెడ్‌సెట్ కూర్చున్నవాళ్ల కోసం చేసింది. రోగి వెల్లకిలా పడుకుంటే కనిపించేది ఆకాశం, మహా అయితే చెట్ల కొసలు. చేతిలో పట్టుకునే కంట్రోలర్ మీది మెటా బటన్ నొక్కిపట్టి దృశ్యాన్ని సరిచేసినా అది కుడిఎడమలే సర్దుతుంది, ఎదురుగా ఉండాల్సిన దృశ్యాన్ని పైకి తేదు. పడుకుని వాడే సెట్టింగు 2024 అప్‌డేట్లలో ప్రయోగాత్మకంగా వచ్చింది, ముందుగా దాన్ని వెతికి ఆన్ చేయండి. అది కుదరకపోతే మంచం తలవైపును 45 డిగ్రీల దాకా లేపండి, సగం సమస్య తీరిపోతుంది. రెండోది, హెడ్‌సెట్ తన చోటును కెమెరాలతో పోల్చుకుంటుంది. పైన తెల్లటి సీలింగు, చుట్టూ ఊగే పచ్చ కర్టెన్లు ఉంటే దానికి ఆనవాలు దొరక్క దృశ్యం జారుతుంది, లేదా ఆగిపోతుంది. సీలింగుకు నాలుగైదు రంగుల పోస్టర్లు అంటించడం చవకైన మందు. గదిలో లైట్లు ఆర్పకండి, చీకట్లో ఆ కెమెరాలకు ఏమీ కనబడదు.

బరువు 515 గ్రాములు, అదంతా ముక్కువైపే. వెనక గట్టి చక్రం ఉండే ఎలైట్ పట్టీ కూర్చున్నవాళ్లకు హాయి. పడుకుంటే ఆ చక్రం తల వెనక గుచ్చుతుంది. మెత్తటి గుడ్డ పట్టీయే ఉంచండి. కొప్పు ఉంటే విప్పి జడను పక్కకు తీయమనాలి. కొబ్బరినూనె పట్టిన పట్టీని ఎంత తుడిచినా వాసన పోదు కాబట్టి రెండు మూడు పట్టీలు విడిగా కొనిపెట్టుకోండి. బొట్టుబిళ్ల ముందే తీయించాలి, లేదంటే మొహానికి ఆనే మెత్తకు అంటుకుని తర్వాతి రోగి నుదుటికి చేరుతుంది! ఫోమ్ మెత్త బదులు సిలికాన్‌ది వేసి, దాని మీద ఒక్కో రోగికి ఒక్కో కాగితపు మాస్కు వాడాలి. అద్దాలకు స్పిరిట్ తగలకూడదు, పొడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. అద్దాలు కిటికీ వైపు తిప్పి పెడితే ఎండ వాటిలోంచి లోపలి తెర మీద పడి మచ్చ చేస్తుంది. అది పోదు.

వాడే వరుస ఇలా ఉండాలి. డాక్టరు రాసిన నొప్పి మందు వేళకు పడాలి, వీఆర్ దానికి తోడే గానీ బదులు కాదు. గాజుగుడ్డను సెలైన్‌తో నానబెట్టి, అది నానుతుండగా హెడ్‌సెట్ పెట్టండి. రెండు కళ్ల మధ్య దూరానికి తగ్గట్టు అద్దాలను సర్దే చక్రాన్ని బొమ్మ స్పష్టంగా కనబడేదాకా రోగి చేతే తిప్పించండి. కాన్యులా (సెలైన్ ఎక్కించే సూది గొట్టం) లేని చేతికి ఒక్క కంట్రోలర్ చాలు. ఆపాలనిపిస్తే ఆ చెయ్యి పైకెత్తమని చెప్పండి. అయిదు నిమిషాలు ఆగి పని మొదలుపెట్టండి. మొదటిసారి ముట్టుకునే ముందు "అమ్మా, కట్టు విప్పుతున్నా" అని తప్పక అనాలి. ఏమీ కనబడని మనిషి మీద చెప్పకుండా చెయ్యి పడితే ఉలిక్కిపడతారు, అప్పటిదాకా చేసిందంతా నీళ్లపాలు. అయ్యాక సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంతో అడగండి, నొప్పి గురించి ఎంతసేపు ఆలోచించారో కూడా అడగండి. తేడా రెండో ప్రశ్నలోనే ఎక్కువ కనిపిస్తుంది.

మూర్ఛ ఉన్నవాళ్లకు, తలకు దెబ్బ తగిలినవాళ్లకు, మొహం కాలినవాళ్లకు, కంటి ఆపరేషన్ అయినవాళ్లకు ఇది పెట్టవద్దు. పేస్‌మేకర్ ఉంటే డాక్టర్ని అడగాలి. పదేళ్లలోపు పిల్లలకు తయారీదారే వద్దన్నాడు. ఎంఆర్ఐ గదిలోకి అసలు తీసుకెళ్లకండి.

చవక కదా అని క్వెస్ట్ 3ఎస్ వైపు చూస్తే రెండు తేడాలు గుర్తుంచుకోండి. దానికి ఇయర్‌ఫోన్ రంధ్రం లేదు, కళ్ల మధ్య దూరం మూడు మెట్లలోనే మారుతుంది. ఒక్కరి కోసమైతే సర్దుకోవచ్చు. రోజుకు పదిమంది తలలు మారే గదికి క్వెస్ట్ 3నే తీసుకోండి. బ్యాటరీ సుమారు రెండు గంటలే వస్తుంది కాబట్టి ఉదయం ఓపీ అయ్యేసరికి ఛార్జి అయిపోతుంది. ఛార్జరు డ్రెస్సింగ్ ట్రాలీకే కట్టి ఉంచండి.