ఏడు చిన్న ట్రయల్సా, ఒక్క పెద్ద ట్రయలా: ఏది మేలు?

"ఏడు అధ్యయనాలు ఇదే తేల్చాయి" అంటే ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. నాకు మాత్రం వెంటనే మెగ్నీషియం సంగతి గుర్తొస్తుంది.

గుండెపోటు వచ్చినవాళ్లకు నరం ద్వారా మెగ్నీషియం ఎక్కించిన ఏడు చిన్న ట్రయల్స్‌ను కలిపి 1991లో ఒక మెటా అనాలిసిస్ (పలు ట్రయల్స్ అంకెలను ఒకచోట చేర్చి వేసే లెక్క) వేశారు. మొత్తం 1,301 మంది. మెగ్నీషియం ఇచ్చినవాళ్లలో 3.8 శాతం, ఇవ్వనివాళ్లలో 8.2 శాతం చనిపోయారు. చవకైన మందు, పైగా మరణాలు సగం! ఆశ పడకుండా ఎలా ఉంటారు? 1995లో ఐసిస్-4 అనే పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 58,050 మంది రోగులు. మెగ్నీషియం ఇచ్చిన వైపు 7.64 శాతం, ఇవ్వని వైపు 7.24 శాతం మరణాలు. లాభమేమీ లేదు.

ఇక్కడ నా ఓటు పెద్ద ట్రయల్‌కే. ఆ ఏడింటిలో కలిపి చనిపోయింది 78 మంది: ఇటు 25, అటు 53. ఓ పదిమంది అటూ ఇటూ అయితే లెక్కే మారిపోతుంది. ఐసిస్-4లో మరణాలు నాలుగు వేలు దాటాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. మందు పనిచేయలేదని తేలిన చిన్న ట్రయల్ చాలాసార్లు అచ్చుకే నోచుకోదు, అచ్చు కానిదాన్ని, ట్రయల్స్ అన్నీ కలిపి రివ్యూ రాసేవాళ్లు ఎక్కణ్నుంచి తెస్తారు? ఆధారాల బలాన్ని తూచే గ్రేడ్ పద్ధతిలో ఈ రెండు లోపాలకూ మార్కులు తగ్గిస్తారు. అందుకే రివ్యూ చదివేటప్పుడు ట్రయల్స్ ఎన్ని అన్నదానికన్నా మరణాలెన్ని అన్నదే నేను ముందు చూస్తాను.

అయితే పెద్దదైనంత మాత్రాన తిరుగులేదనీ కాదు. ఐసిస్-4లో మందు ఆలస్యంగా ఇచ్చారని కొందరు అభ్యంతరం చెప్పారు. న్యాయమైన ప్రశ్నే. ప్రశ్న తప్పైతే 58 వేలమంది ఉన్నా జవాబు సరిపోదు. దాంతో మ్యాజిక్ అనే ట్రయల్‌లో 6,213 మందికి త్వరగా మందు మొదలుపెట్టి చూశారు. 2002లో ఫలితం వచ్చింది: మరణాలు మందు ఇచ్చిన వైపు 15.3 శాతం, ఇవ్వని వైపు 15.2 శాతం. తేడా లేదు.

చిన్న ట్రయల్స్ గెలిచిన సందర్భమూ ఉంది. నెలలు నిండకుండా కాన్పయ్యేలా ఉన్న తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధమవుతాయని న్యూజీలాండ్ ట్రయల్ ఒకటి 1972లోనే సూచించింది. తర్వాత వచ్చిన చిన్న ట్రయల్స్‌లో చాలావాటికి విడివిడిగా ఏమీ తేల్చేంత బలం లేదు. కలిపి చూస్తేనే లాభం స్పష్టమైంది. వైద్య ట్రయల్స్‌పై రివ్యూలు వెలువరించే కోక్రేన్ సంస్థ లోగోలో కనిపించే గీతలు ఆ ట్రయల్స్‌వే. పేద దేశాల్లో పనిచేస్తుందా అన్న అనుమానం మాత్రం మిగిలింది. భారత్‌తో సహా ఐదు దేశాల్లో 2,852 మంది గర్భిణులతో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్ద ట్రయల్ చేసింది. 2020లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం నవజాత శిశు మరణాలు స్టెరాయిడ్ ఇచ్చిన వైపు 19.6 శాతం, ఇవ్వని వైపు 23.5 శాతం.